ఎగిరే గూస్‌ని కొట్టాలంటే: ముందే కొలత పెట్టుకోవాలా, వెనక నుంచి ఊడ్చుకు రావాలా?

పొలంగట్టు:
అమెరికాలోని మేరీలాండ్ ఈస్టర్న్ షోర్‌లో లైసెన్స్ తీసుకుని కెనడా గూస్ (పెద్ద అడవి బాతు) వేటకి వెళ్తున్నాను, ఇది నాలుగో సీజన్. మొన్న శనివారం కోసేసిన మొక్కజొన్న చేలో లేఅవుట్ బ్లైండ్‌లో (పైన తలుపులుండి, పడుకుని దాక్కునే చిన్న గూడు) పడుకుని ఉన్నాం. ముప్పై గజాల దూరంలో ఐదు గూస్‌లు ఎడమ నుంచి కుడికి అడ్డంగా దాటాయి. చట్టం ఒప్పుకునే మూడు తూటాలూ పేల్చాను, ఒక్క ఈక రాలలేదు. స్కీట్‌లో (గాల్లోకి విసిరే మట్టి పళ్లేలని కొట్టే ఆట) నేర్చుకున్న పద్ధతే వాడాను. తుపాకీ గొట్టం మొదటి నుంచీ పక్షికి ముందే ఉంచి, ఆ ఎడం చెదరకుండా కదుపుతూ పేల్చడం. మాతో వచ్చిన పెద్దాయన మాత్రం "ఆ కొలతలు మానెయ్, తోక వెనక నుంచి ఊడ్చుకుంటూ ముక్కు దాటగానే నొక్కెయ్" అన్నారు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
పద్ధతి తప్పు కాదు తమ్ముడూ, కొలత చాల్లేదు. గూస్ గంటకు 40 మైళ్ల వేగంతో పోతోందంటే సెకనుకు దాదాపు 59 అడుగులు. తూటాలోంచి వచ్చే చిన్న స్టీల్ గుళ్లు 40 గజాలు చేరడానికి సుమారుగా సెకనులో ఏడో వంతు పడుతుంది. ఆలోపు పక్షి ఎనిమిది అడుగులు ముందుకు వెళ్లిపోతుంది. ముప్పై గజాలకైనా ఐదారు అడుగులు కావాలి. నువ్వు స్కీట్ అలవాటుతో మూడో నాలుగో ఇచ్చుంటావు. ఎడం పెంచు, పద్ధతి మార్చకు.

బే అవతల:
మాస్టారూ, లెక్క సరే. కానీ అది ముప్పై గజాలో నలభై ఐదో ఆ క్షణంలో చెప్పేదెవరు? స్కీట్‌లో పళ్లెం ప్రతిసారీ ఒకే దారిన పోతుంది కాబట్టి కొలత గుర్తుంటుంది. గూస్‌తో అలా కుదరదు. పెద్ద ఒళ్లు, నిదానంగా ఆడే రెక్కలు. చూసేవాడికి దగ్గర్లో, నెమ్మదిగా పోతున్నట్టే ఉంటుంది. అందుకే దాదాపు అందరూ వెనకే కొడతారు. వెనక నుంచి ఊడ్చుకొస్తే పక్షి ఎంత వేగంగా పోతుంటే గొట్టం అంతకంటే వేగంగా తిరగక తప్పదు. ఎడం దానంతటదే వస్తుంది.

ఇంకొక మాట. "లేవండి" అన్న కేక వినగానే తలుపులు తోసుకుని లేచి కూర్చుంటాం. కాళ్లు చాపి ఉంటాయి, నడుము తిరగదు, భుజానికి ఆనించే తుపాకీ మడమ మందపాటి కోటులో చిక్కుకుంటుంది. ఆ టెన్షన్‌లో కన్ను గొట్టం చివరి గురి పూస మీదకి పోయిందంటే చెయ్యి ఆగిపోతుంది. చెయ్యి ఆగిందంటే గుళ్లు తోక వెనకే. ఎడం కొలిచేవాళ్లకి ఈ జబ్బు ఎక్కువ, ఎందుకంటే ఎడం చూడాలంటే గొట్టం వైపు చూడాలి. నేను గూస్ చెంప మీది తెల్ల మచ్చనే చూస్తాను. అది స్పష్టంగా కనబడకపోతే తుపాకీ ఎత్తను.

లెక్కల మాస్టారు:
చెయ్యి ఆగడం గురించి ఒప్పుకుంటాను. మరి దిగే గూస్ సంగతేంటి? కాళ్లు కిందకి వదిలి, రెక్కలు గిన్నెలా వంచి, గాలికి ఎదురుగా డెకాయ్‌ల (ఎరగా పెట్టే బొమ్మ పక్షుల) మీదకి దిగుతుంటుంది. అది ముందుకంటే కిందకే ఎక్కువ పోతోంది. అప్పుడు ముక్కు దాటించి కొడితే గుళ్లు దాని మీదుగా పోతాయి. అక్కడ దాని కాళ్ల కింద గురి చూడాలి.

బే అవతల:
నిజమే. దిగే పక్షికి నేనూ ఊడ్చను. నా వాదన అడ్డంగా పోయేవాటి గురించే.

చలికాలం:
అన్నలిద్దరికీ ఒక మాట. 1991 నుంచి అమెరికా అంతటా నీటి పక్షుల వేటలో సీసం గుళ్లు నిషేధం. స్టీల్ తేలిక, దూరం పోయేకొద్దీ దెబ్బ బలం త్వరగా తగ్గిపోతుంది. అరవై గజాల్లో పోయే గుంపు మీద పేల్చేవాళ్లని చూస్తే నాకు కడుపు మండిపోతుంది. ఒకటి రెండు గుళ్లు తగిలిన గూస్ అలాగే ఎగిరిపోయి, ఎక్కడో చెరువుగట్టున రెండు రోజులు నరకం పడి చస్తుంది. ఏ పద్ధతైనా సరే, ముందు దగ్గరికి రానివ్వండి. పొలంగట్టు గారూ, మీరు తుపాకీ ఆనించేది కుడి భుజానికేనా?

పొలంగట్టు:
అవునండీ, కుడే.

చలికాలం:
అయితే సగం జవాబు అక్కడే ఉంది. కుడి భుజం వాళ్లకి కూర్చున్నచోట నుంచి ఎడమకి తిరగడం తేలిక, కుడికి కష్టం. మీ గూస్‌లు కుడికే పోయాయి. పక్షులు దిగుతాయనుకున్న చోటుకి కాస్త కుడి పక్కకి కాళ్లు పెట్టి పడుకోండి.

పొలంగట్టు:
ఆదివారం మట్టి పళ్లేలు కొట్టే క్లే రేంజ్‌కి వెళ్లి, నేల మీద కాళ్లు చాపి కూర్చునే కొట్టాను. ఫ్రెండ్ ఫోన్‌లో వీడియో తీశాడు. కుడికి పోయే పళ్లేలకి ట్రిగ్గర్ నొక్కే ముందు గొట్టం ఆగిపోవడం నా కళ్లతో నేనే చూశాను. కాళ్లు కుడికి జరిపి, వెనక నుంచి ఊడ్చుకొస్తే ఇరవై ఐదులో పదహారు పగిలాయి. అంతకుముందు తొమ్మిదే. మాస్టారూ, కాళ్లు జరిపాక మీ పద్ధతిలో కొట్టి చూడలేదు. వచ్చే ఆదివారం అదీ చూసి లెక్క ఇక్కడే పెడతాను.