నిఖా మీద పరిశోధనంటే తలాక్ మీద పరిశోధనేనా?

చదువరి: ముస్లిం కుటుంబాలపై వచ్చిన పరిశోధనలు వరసగా చదువుతున్నాను. మొదట్లో ఫిఖ్‌హ్ (ఇస్లామిక్ న్యాయశాస్త్ర) గ్రంథాలు, తర్వాత ఒట్టోమన్ కోర్టుల సిజిల్‌లు, అంటే కేసులూ ఒప్పందాలూ రాసిపెట్టిన రిజిస్టర్లు, ఇప్పుడేమో కుటుంబ చట్టాల సంస్కరణలు: ట్యునీసియా 1956, ఈజిప్టు ఖులా (భార్య కోరే విడాకులు) చట్టం 2000, మొరాకో 2004. ఏది తెరిచినా విడాకులే. కలిసి బతికే ఇళ్లు ఎక్కడ?

సిజిల్: గొడవ కోర్టుకెక్కితే కాగితం పుడుతుంది. సాగిపోయే కాపురానికి రికార్డెక్కడిది? మధ్యయుగపు ముస్లిం స్త్రీకి నోరు లేదన్న మాటను కొట్టేసింది అలాంటి పాత కాగితాలే. ఒట్టోమన్లకు ముందు ఈజిప్టు, సిరియాలను ఏలిన మమ్లూకుల కాలపు కైరో, డమాస్కస్, జెరూసలేంల మీద చరిత్రకారుడు యోసెఫ్ రాపొపోర్ట్ 2005లో రాసింది చూడండి. విడాకులు మామూలు సంగతి, నూలు వడికి సొంతంగా సంపాదించుకున్న ఆడవాళ్లు ఎందరో.

కొత్తగొంతు: సిజిల్లలో నిఖా ఒప్పందాలూ ఉన్నాయండీ. మరో పెళ్లి చేసుకుంటే విడిపోయే హక్కు నాదని షరతు రాయించుకున్న భార్యలున్నారు.

మెహర్‌నామా: తొలి ఫుకహాలు (ఫిఖ్‌హ్ పండితులు) నిఖాను కొనుగోలుతో పోల్చారని పరిశోధకురాలు కేసియా అలీ రాశారు. అది చదివి కుమిలిపోయాను. ఖురాన్ 4:4లో మెహర్, అంటే వరుడు వధువుకిచ్చే సొత్తు, 'నిహ్లా', మనసారా ఇచ్చే కానుక.

సిజిల్: పోల్చింది ఆవిడ కాదు, ఫుకహాలు.

మెహర్‌నామా: ఎవరైనా సరే. ఆ పదం వాడకండి.

సిజిల్: పదం దాచేస్తే, తలాక్ మగవాడి చేతిలోనే ఎందుకు పెట్టారో ఎలా తెలుస్తుంది? వాళ్ల తర్కమంతా ఆ పోలికలోనే ఉంది!

కొత్తగొంతు: ఒక్క పదం దగ్గరే ఆగిపోయారు. మొరాకోలో పెళ్లి వయసు 18 చేశాక కూడా జడ్జి అనుమతిస్తే అంతకంటే ముందే చెయ్యొచ్చు. దాని సంగతేంటి?

మెహర్‌నామా: నాకెందుకు మండుతోందో వినండి. ఒక పరిశోధక విద్యార్థిని నాతో రెండు గంటలు మాట్లాడింది. అత్తగారు మంచాన పడితే నేనూ మావారూ వంతులేసుకుని చూసుకున్నది చెప్పాను, మెహర్ డబ్బుతో కుట్టుమిషన్ కొనుక్కున్నది చెప్పాను. మధ్యలో పుట్టింట్లో ఉండిపోయిన ఆరు నెలలూ చెప్పాను. థీసిస్‌లో ఆ ఆరు నెలలే మిగిలాయి.

సిజిల్: అది తప్పే. కానీ మా అక్క ఖులా కోసం నాలుగేళ్లు తిరిగింది. దంపతుల మధ్య ప్రేమ, కరుణ అనే ఖురాన్ 30:21 ఆయతు చదివి చదివి ప్రతిసారీ వెనక్కి పంపారు. తన మాట అన్నది అన్నట్టు రాసుకున్నది కోర్టు గుమాస్తా ఒక్కడే. ఆ కాగితాన్ని తీసిపారేస్తే ఊరుకోను.

మెహర్‌నామా: మీ అక్కయ్య కాగితాన్ని నేను కాదనలేదు. కాగితం లేదు కాబట్టి నా ఇల్లే లేదనకండి.

సిజిల్: ఇల్లు బాగుందని ఇంట్లోవాళ్లే చెబితే ఎలా నమ్మడం?

మెహర్‌నామా: బాగోలేదన్నప్పుడు నమ్మారుగా.

చదువరి: మానవశాస్త్రవేత్త జీబా మీర్-హొస్సేనీ ఇరాన్, మొరాకో కోర్టుల్లో కూర్చుని ఆడవాళ్ల మాటలు విన్నారు. సిజిల్ గారూ, మీ అక్కయ్యను ఎవరైనా అలా కూర్చోబెట్టి అడిగారా?

సిజిల్: లేదు. అడిగుంటే, బావ పిల్లలకు ఖురాన్ నేర్పిన సాయంత్రాల గురించి కూడా చెప్పేది. ఫైల్లో అది లేదు.