కాక్‌టెయిల్‌కు 7.5 మి.లీ. కచ్చితంగా కొలవాలంటే జిగ్గర్ (మద్యం కొలిచే చిన్న కప్పు) మంచిదా, త్రాసు మంచిదా?

60, 30 మి.లీ. కొలతలతో ఇబ్బంది లేదు. డైకిరీకి (రమ్, నిమ్మరసం, చక్కెర సిరప్ కలిపే కాక్‌టెయిల్) 22.5 మి.లీ. సిరప్, ఇంకోదానికి 7.5 మి.లీ. లిక్యూర్ (తియ్యటి మద్యం) అన్నప్పుడే తేడా వస్తోంది. డైకిరీ నిలబడేదే పులుపు, తీపి సరితూగడం మీద. 3 మి.లీ. అటూ ఇటూ అయినా నాలుకకు తెలిసిపోతుంది.

గరాటులా ఉండే జిగ్గర్‌కు మూతి వెడల్పు. 4 సెం.మీ. మూతి ఉన్నదాంట్లో అంచుకు 2 మి.మీ. కింద ఆపితే దాదాపు 2.5 మి.లీ. తగ్గినట్టే. సన్నగా, పొడవుగా ఉండేది ఈ విషయంలో చాలా నయం. లోపలి గీతలను మాత్రం కంటికి సమానంగా పెట్టి చూడాల్సిందే.

త్రాసు మీద షేకర్ (డ్రింకు కలిపే గిన్నె) పెట్టి, సున్నా చేసి పోద్దామంటే గ్రాములూ మిల్లీలీటర్లూ ఒకటి కావు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న రమ్ 60 మి.లీ. సుమారు 57 గ్రాములు. చక్కెర, నీళ్లు సమాన బరువుతో కాచిన సిరప్ 22.5 మి.లీ. దాదాపు 28 గ్రాములు. 22.5 గ్రాములకే ఆపేస్తే పడేది 18 మి.లీ. మాత్రమే, డ్రింకు పుల్లగా తయారవుతుంది. పైగా చుక్కచుక్కగా పోస్తే కొన్ని త్రాసులు అసలు కదలవు.

10 మి.లీ. లోపు కొలతలకు సూది లేని సిరంజి వాడేవాళ్లున్నారా? చిక్కటి సిరప్‌తో గాలి బుడగలు రాకుండా ఎలా లాగుతున్నారు? బిట్టర్స్ (చుక్కల్లో వాడే చేదు ద్రవం) డాష్, అంటే సీసాను ఒకసారి విదిలిస్తే పడేది కూడా, నిండు సీసాకు ఒకలా, ఖాళీ అవుతున్న సీసాకు ఒకలా పడుతోంది. దాన్ని చుక్కల్లో లెక్కేయడం మేలా?