సర్వీసులో "ఇంజిన్ కోటింగ్" అంటున్నారు, వేయించాలా?

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రోజూ పెట్రోల్ కారు, సగం దూరం ఫస్ట్ గేర్లోనే. సర్వీసుకిస్తే అడ్వైజర్ చిన్న డబ్బా ఒకటి చూపించి, ఇది ఆయిల్లో పోస్తే లోపలంతా టెఫ్లాన్ పూత పడుతుంది, మైలేజ్ పెరుగుతుంది, 1,800 రూపాయలే సార్ అంటున్నాడు. పైగా మాన్యువల్లో ఉన్న 0డబ్ల్యూ-20 గ్రేడ్ ఆయిల్ మన ట్రాఫిక్‌కి మరీ పల్చనట, కాస్త చిక్కటి 5డబ్ల్యూ-30 పోయిద్దామట. ఏం చేయమంటారు?

పిస్టన్ పంతులు:
డబ్బా వద్దు బ్రో. అసలు పూత అనేది ఫ్యాక్టరీలో లోహం మీద వేసేది. నిస్సాన్ 2006లో వాల్వ్ లిఫ్టర్ల (వాల్వుల్ని కదిలించే భాగాలు) మీద వేసిన డీఎల్‌సీ, అంటే వజ్రంలా గట్టిగా ఉండే కార్బన్ పొర, వాక్యూమ్ చాంబర్లో పెట్టి వేస్తారు, మందం మైక్రాన్లలో ఉంటుంది. ఇంజిన్ విప్పినప్పుడు పిస్టన్ పక్కల నల్లగా కనిపించేది కూడా అలాంటిదే, గ్రాఫైట్ పూత. సీసాలోంచి పోస్తే ఇలా పట్టదు. అమెరికాలో స్లిక్ 50 అనే టెఫ్లాన్ డబ్బా ప్రకటనలకు ఆధారాల్లేవని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో కేసే పెట్టింది.

వైట్‌ఫీల్డ్ వెంకీ:
అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా పంతులు గారూ? ఆయిల్లో కలిపే మాలిబ్డినం నిజంగానే రాపిడి తగ్గిస్తుంది కదా.

పిస్టన్ పంతులు:
తగ్గిస్తుంది, కాదనను. కానీ మంచి 0డబ్ల్యూ-20ల్లో చాలావాటికి అది కంపెనీయే కొలత ప్రకారం కలిపేసి ఉంటుంది. మీరు మళ్లీ పోస్తే ఆ లెక్క తప్పుతుంది. ఇంకో తమాషా ఏంటంటే, కొన్ని రకాల డీఎల్‌సీ పూతల్ని మాలిబ్డినం అడిటివే (ఆయిల్లో కలిపే రసాయనమే) అరగదీస్తుందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది.

ఇక పల్చన సంగతి. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, తిరిగేటప్పుడు ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది, లోహానికి లోహం తగలదు. అక్కడ చిక్కటి ఆయిల్ పోస్తే ఆ ఆయిల్ని చిలకడానికే పెట్రోల్ ఖర్చు. తగిలేదల్లా స్టార్ట్ చేసేటప్పుడు, పిస్టన్ పైకి వెళ్లి వెనక్కి తిరిగే చోట, వాల్వులు తెరిచే క్యామ్ దగ్గర. అక్కడ కాపాడేది చిక్కదనం కన్నా జింక్ అడిటివ్ వదిలే పొర. 0డబ్ల్యూ-20 కూడా 150 డిగ్రీల దగ్గర కనీసం ఇంత చిక్కదనం నిలబెట్టుకోవాలని ఆయిల్ గ్రేడ్లు నిర్ణయించే ఎస్‌ఏఈ ప్రమాణంలోనే ఉంది, బెంగళూరు ట్రాఫిక్‌కి భయపడక్కర్లేదు.

వెంకీ:
సరే, డబ్బా సంగతి ఒప్పుకున్నా. బాధితుడు గారూ, కొన్ని మాన్యువల్స్‌లో 5డబ్ల్యూ-30 కూడా ఇస్తారు, ఉంటే పోయించుకోవచ్చు, మైలేజ్ కాస్త తగ్గుతుందంతే. ఆయిల్ మాత్రం కిలోమీటర్లు నిండలేదని లాగకండి, మీ రూట్లో బండి నిలబడి తిరిగే గంటలే ఎక్కువ, ఏడాదికి మార్చేయండి.

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
చూశా, మాన్యువల్లో 0డబ్ల్యూ-20 ఒక్కటే ఉంది. ఆయిల్ పోసే మూత మీద కూడా అదే అచ్చు. డబ్బాని ఎస్టిమేట్లోంచి కొట్టేయించా, అడ్వైజర్ ఇప్పుడు ఇంజిన్ ఫ్లష్ (లోపలి మడ్డి కడగడం) అంటున్నాడు.