సమస్య: దర్శకుండు నటికి దాసుడయ్యె

నిర్వాహకుడు: నిన్న రాత్రి 'సన్‌సెట్ బులెవార్డ్' మళ్లీ చూశాను. బిల్లీ వైల్డర్ తీసిన ఆ సినిమాలో నార్మా (గ్లోరియా స్వాన్సన్) మరుగునపడ్డ మూకచిత్ర నాయిక. ఒకప్పుడు ఆమెను నడిపించిన దర్శకుడు మాక్సు ఇప్పుడు ఆమె ఇంట్లో సేవకుడు. ఆ పాత్ర వేసింది నిజజీవితంలోనూ దర్శకుడైన ఎరిక్ వాన్ స్ట్రోహైమ్. ఆయన తలుపు తీసే మొదటి దృశ్యంలోనే ఈ పాదం తట్టింది. దీన్ని చివరి పాదంగా పెట్టి ఆయన మీదే పద్యం పూరించండి. దర్శకుడిగానైనా నటుడిగానైనా ఆయన జీవితంలో ఏ మలుపైనా సరే.

తొలకరి: అందరికీ నమస్సులు. నా ప్రయత్నం:

నాడు మూకచిత్ర నాయిక నడిపించి
నేడు తలుపు దీసి నిలిచినాడు
కాలచక్రమెంత కఠినమో చూడుడీ
దర్శకుండు నటికి దాసుడయ్యె

వేపనీడ: మొదటి రెండు పాదాలు చక్కగా నడిచాయి. 'నాడు', 'నేడు' ఎదురెదురుగా నిలిచాయి. మూడో పాదం మాత్రం ఏ సమస్యకైనా అతుకుతుంది. 'చూడుడీ' వట్టి పూరకం. స్ట్రోహైమ్ ఎక్కడున్నాడు ఇందులో?

తొలకరి: నిజమే గారూ. మళ్లీ ప్రయత్నిస్తాను.

గోదారిగట్టు: నా పూరణ:

ఆపివేసె నామె యతని చిత్రము నాడు
అదియె తెరను వేసె నతడు పిదప
వింత పాత్ర వచ్చె విధియాడు నాటలో
దర్శకుండు నటికి దాసుడయ్యె

పాతరీలు: గోదారిగట్టు గారూ, ఇదీ పూరణ అంటే! 'క్వీన్ కెల్లీ'కి స్ట్రోహైమ్ దర్శకుడు, గ్లోరియా స్వాన్సన్ నాయిక, నిర్మాత కూడా. 1929లో షూటింగ్ మధ్యలో ఆయన్ను తప్పించారు. 1950లో వైల్డర్ చిత్రంలో నార్మా తన పాత సినిమా వేయించుకుని చూసే దృశ్యం ఉంది కదా, అందులో తెర మీద కనిపించేది ఆ 'క్వీన్ కెల్లీ'యే. ప్రొజెక్టర్ నడిపేది స్ట్రోహైమే! రెండో పాదం చదవగానే నాకు ఒళ్లు పులకరించింది. ఒక్క మాట: ఆపింది ఆమె ఒక్కతే కాదు. డబ్బు జోసెఫ్ కెనడీది. ఆమె సెట్ నుంచి వెళ్లి ఆయనకు ఫోన్ చేసింది.

వేపనీడ: విషయం బాగుంది. కానీ 'విధియాడు నాటలో' ఏమిటి? విధి ఆడు ఆట అంటే 'విధియాడు ఆట' కావాలి. ఆ 'న' ఎక్కడి నుంచి వచ్చింది?

గోదారిగట్టు: 'చేయునతడు', 'వచ్చునప్పుడు' అన్నచోట ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడా అక్కడి నుంచే వచ్చింది. నుగాగమం. పోయిన నెల కూడా మీరు ఇలాగే తొందరపడ్డారు. 'నవ్వనట్టి వాడె నవ్వు పంచె' అన్న సమస్యకు మూకచిత్రాల హాస్యనటుడు బస్టర్ కీటన్ మీద నేను 'రైలు చక్రమెక్కి రాతి ముఖముతోడ' అని రాస్తే యతిలో (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన చోట) 'రై'కి 'రా' చెల్లదన్నారు. ఐకారానికి అకారంతో మైత్రి ఉంది గారూ. నా జవాబుకు మీరు బదులివ్వలేదు.

వేపనీడ: నుగాగమం ఒప్పుకున్నాను. ఆ పాదంలో నా అభ్యంతరం యతి ఒక్కటే కాదు. 'ది జనరల్' సినిమాలో కీటన్ రైలింజను మీద కూర్చున్నది చక్రం మీద కాదు, చక్రాలను కలిపే కడ్డీ మీద.

పాతరీలు: కడ్డీయే. చక్రం తిరుగుతుంటే ఆ కడ్డీ పైకీ కిందికీ పోతుంది, ఆయన చూసుకోడు. అందుకే ఆ దృశ్యం అంత బాగుంటుంది. అన్నట్టు కీటన్ 'సన్‌సెట్ బులెవార్డ్'లో కూడా ఉన్నాడు. నార్మా ఇంట్లో పేకాట బల్ల దగ్గర, కీటన్‌గానే. ఆయన మీద ఇంకో సమస్య ఇవ్వండి.

నిర్వాహకుడు: ఇస్తాను. ముందు స్ట్రోహైమ్‌కి రండి.

నల్లకలువ: క్రమాలంకారంలో (మూడు ప్రశ్నలకు చివరి పాదంలో వరుసగా జవాబులు) నా పూరణ:

గ్రీడు దీసె నెవడు? గీటుదాటని మాక్సు
మొక్కె నెవరి కతడు ముదిమిలోన?
మొదటి భర్త యామె ముంగిట నేమాయె?
దర్శకుండు, నటికి, దాసుడయ్యె

గోదారిగట్టు: మూడో ప్రశ్న అద్భుతం! మాక్సు ఆమెను తెరకు పరిచయం చేసిన దర్శకుడే కాదు, మొదటి భర్త కూడా అన్న సంగతి ఈ చర్చలో ఎవరికీ తట్టలేదు. మొదటి ప్రశ్నే తేలిపోయింది. 'గ్రీడు' (స్ట్రోహైమ్ మూకచిత్రం) ఎవడు తీశాడంటే పేరు చెప్పాలి, 'దర్శకుండు' అంటే జవాబు కాదు. పైగా మాక్సు అన్నాక మళ్లీ 'అతడు' దేనికి? ఇలా మారిస్తే రెండూ పోతాయి:

సెట్టు నేలు నెవడు? సేవలే వ్రతమంచు
మొక్కె నెవరి కతడు ముదిమిలోన?

నల్లకలువ: ధన్యవాదాలు. 'సెట్టు నేలు నెవడు' చాలా నచ్చింది. మొంటీ కార్లోనే సినిమా సెట్‌గా కట్టించుకున్న స్ట్రోహైమ్‌కి సరిగ్గా సరిపోయే మాట. ఇకపై మీ సవరణతోనే చదువుకుంటాను.

వేపనీడ: ఇక నాది:

కోసి పదికి దింప్రి కూర్చిన యా గ్రీడు
స్టూడియోల కతడు శత్రువయ్యె
పొట్టకూటి కొఱకు బొమ్మలో నటియించి
దర్శకుండు నటికి దాసుడయ్యె

గోదారిగట్టు: వేపనీడ గారూ, రెండో పాదం మరోసారి చూసుకోండి. 'స్టూ'కి 'శ'?

నల్లకలువ: అవును, హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు.

వేపనీడ: చూశాను. తప్పే. 'శత్రువు' మాట మీద మనసు పడి గమనించలేదు.

గోదారిగట్టు: 'స్టూడియోల కతడు చుక్కెదురయె' అంటే సరి. భావం ఇంకా పదునెక్కుతుంది.

వేపనీడ: నిజంగా పదునెక్కింది. మనస్ఫూర్తిగా స్వీకరిస్తున్నాను. 'రై', 'రా' విషయంలోనూ మీదే ఒప్పు. ఆ రోజే చెప్పాల్సింది.

పాతరీలు: నాకు యతి కంటే మూడో పాదం మీదే బాధ. 42 రీళ్ల 'గ్రీడ్'ను 10కి కోశారు, నిజం. పద్యంలో 'రీళ్లు' అన్న మాట లేదు గనుక పది ఏమిటో తెలియదు, అది వేరే సంగతి. కానీ 'పొట్టకూటి కొఱకు' నటించాడనడం అన్యాయం. డబ్బు అవసరం ఉండేది, కాదనను. అయినా 1937లో ఫ్రెంచ్ దర్శకుడు రెన్వా తీసిన 'లా గ్రాండ్ ఇల్యూజన్'లో ఆయన వేసిన ఆ జర్మన్ అధికారిని చూడండి. మెడకు ఊత, చేతికి తెల్ల తొడుగులు, ఆ కోటలో ఉన్న ఒకే ఒక జెరేనియం పువ్వును కత్తిరించే తీరు. అది కూలికి చేసిన నటన కాదు. వియన్నాలో టోపీల తయారీదారు కొడుకు, 1909లో అమెరికా వచ్చి పేరు మధ్యలో 'వాన్' తగిలించుకుని దొరనని చెప్పుకున్నాడు. ఆ దొర పాత్రను బతుకంతా మెరుగుపెట్టుకున్నవాడు నటుడు కాక ఇంకేమవుతాడు? మాక్సు పాత్రకు ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. పైకి ఎదిగినవాడు కిందికి జారాడన్న ఒక్క కథగానే మనమంతా రాస్తున్నాం.

నిర్వాహకుడు: పాతరీలు గారి మాట నాకు సూటిగా తగిలింది. సమస్యలోనే నేను ఆ దారి పట్టించాను. 'దాసుడు' అన్న మాటను వేరే వైపు నుంచి చూసేవారెవరైనా ఉన్నారా?

తొలకరి: రాత్రి ఆ ఆఖరి దృశ్యం రెండుసార్లు చూసి రాశాను:

మెట్లు దిగెడు వేళ మేనెల్ల కనులయి
కెమెర తిప్పుడనుచు కేలు సాచి
కల్లయైన కలను గాపాడ నొకసారి
దర్శకుండు నటికి దాసుడయ్యె

పాతరీలు: తొలకరి గారూ, ఏం రాశారండీ! పోలీసులు, న్యూస్‌రీల్ వాళ్లు నిండిన ఆ ఇంట్లో నార్మాకు మతి లేదు. సినిమా తీస్తున్నారనుకుని మెట్లు దిగుతుంది. మాక్సు కెమెరాల పక్కన నిలబడి నిజంగానే దర్శకుడిలా ఆజ్ఞలిస్తాడు. సేవకుడి బట్టల్లో ఉన్నవాడు ఆ ఒక్క నిమిషం మళ్లీ దర్శకుడవుతాడు, అదీ ఆమె కోసమే.

వేపనీడ: 'మేనెల్ల కనులయి'. ఒళ్లంతా కళ్లు చేసుకోవడం మనింటి మాట. దాన్ని హాలీవుడ్ మెట్ల దగ్గర నిలబెట్టారు. 'కల్ల', 'కల' పక్కపక్కన పడటం కూడా ఎంత సహజంగా ఉందో. వెతికినా నాకు దోషం దొరకలేదు.

గోదారిగట్టు: నా పూరణ కంటే ఇది మేలు. 'కాపాడ' చాలు, ఇంకేం అక్కర్లేదు.

నిర్వాహకుడు: ఈ వారం తొలకరి గారిదే. శుక్రవారం కీటన్.