నాయనకు ధ్రువకాంతులు చూపించాలి, దసరాకు వెళ్లాలా, ఫిబ్రవరిలోనా?

అన్నలూ, అక్కలూ, మాది దేవరకొండ దగ్గర పల్లె. నాయన ముప్పై ఏళ్లు బడిలో సైన్స్ చెప్పి రిటైరయ్యాడు. సూర్యుడి నుంచి వచ్చే కణాలు ధ్రువాల దగ్గర పైగాలిలోని ఆక్సిజన్‌ను తాకితే ఆకుపచ్చ వెలుగు వస్తుందని, అదే ధ్రువకాంతి (నార్తర్న్ లైట్స్) అని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పాడో! తను మాత్రం ఒక్కసారీ చూడలేదు. 2024 మే నెలలో లడఖ్‌లోని హాన్లేలో ధ్రువకాంతులతో ఆకాశం ఎర్రబడిన ఫొటోలు చూసినప్పటి నుంచి అదే ధ్యాస.

నార్వేలోని ట్రోమ్సో గానీ, స్వీడన్‌లోని అబిస్కో గానీ అనుకుంటున్నాం. జూన్‌లో అక్కడ చీకటే పడదు కాబట్టి పిల్లల వేసవి సెలవులు పనికిరావు. సెప్టెంబర్ నుంచి మార్చి లోపే వెళ్లాలి. నాయనకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మా ఎండలు తట్టుకున్న మనిషే గానీ, ఫిబ్రవరి మంచు అంటే నాకు టెన్షన్‌గా ఉంది.

దసరా సెలవుల్లో అక్కడ మబ్బులు ఎక్కువగా ఉంటాయా? అమావాస్య చూసుకుని నాలుగు రాత్రులు ఉంటే చాలా? పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, రాత్రి బయట ఎంతసేపు నిలబడాల్సి వచ్చిందో, మధ్యలో కూర్చోవడానికి వెచ్చటి చోటు దొరికిందో లేదో చెప్పండి. నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం.