సమస్యాపూరణం: ఎద్దు వ్రాసిన శాసన మింతి కండ

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం.

*ఎద్దు వ్రాసిన శాసన మింతి కండ*

వస్తువు గ్రీకుల శిలాశాసనమే కావాలి. క్రీటు దీవిలోని గోర్టిన్ నగరం క్రీ.పూ. 450 ప్రాంతంలో తన చట్టాన్ని రాతిగోడ మీద 12 పట్టీలుగా చెక్కించింది. పంక్తులు 600కు పైమాటే. 1884లో ఇటలీ పండితుడు ఫెదెరికో హాల్బెర్ ఒక నీటిమర కాలువలో ఈ గోడను గుర్తించాడు. ఎద్దుకూ ఇంతికీ అక్కడేం పని అన్నది మీరే తేల్చాలి.

మల్లెపందిరి: చిన్న సందేహమండీ. 'ఇంతి కండ' అంటే స్త్రీ కండబలమా?

నిర్వాహకుడు: కాదమ్మా. ఇంతికి + అండ. షష్ఠి 'కి'లోని ఇకారానికి సంధి వికల్పం కాబట్టి 'ఇంతికండ' అవుతుంది.

హాలికుడు: నా ప్రయత్నం.

*క్రీటు దీవిలో గోర్టిను కోటగోడ*
*కుడికి నెడమకు మరలుచుఁ గొలువు దీరె*
*అక్షరమ్ములు నాగటి యడుగులట్లు;*
*ఎద్దు వ్రాసిన శాసన మింతి కండ.*

నిర్వాహకుడు: ఎద్దును పట్టేశారు, సంతోషం! ఆ వ్రాతకు గ్రీకుల పేరు బౌస్త్రోఫెడాన్, అంటే ఎద్దు మళ్ళినట్లు అనే అర్థం. మొదటి పంక్తి కుడి నుంచి ఎడమకు, తరువాతిది ఎడమ నుంచి కుడికి సాగుతుంది. అయితే మొదటి పాదంలో యతి తప్పింది. 'క్రీ'కి 'కో' హల్లులో కుదిరినా అచ్చులో కుదరదు. పైగా అది కోటగోడ కాదు. ఆ రాళ్ళు మొదట ఒక గుండ్రని కట్టడానివి, రోమన్ల కాలంలో ఓడియన్ అనే సంగీతశాలలో వాటిని మళ్ళీ పేర్చారు. అన్నిటికన్నా పెద్ద లోటు, మీ పద్యంలో ఇంతి నాలుగో పాదం దాకా కనిపించదు. ఆమెకు ఏం అండ దొరికిందో చెప్పనే లేదు.

మల్లెపందిరి: ఆ లోటు తీర్చాలని ఇది రాశాను.

*విడిచి పోయెడి మగువకు వెంట వచ్చుఁ*
*దెచ్చుకొన్నట్టి ధనమెల్ల, తీసికొనును*
*నేసినట్టి వస్త్రములందు నిండు సగము;*
*ఎద్దు వ్రాసిన శాసన మింతి కండ.*

నిర్వాహకుడు: యతులు చక్కగా పడ్డాయి. విషయమూ నిజమే. విడిపోయిన భార్య తాను తెచ్చుకున్న ఆస్తిని, దాని మీద వచ్చిన ఫలసాయంలో సగాన్ని, తాను నేసిన బట్టలో సగాన్ని తీసుకుని వెళ్ళవచ్చు. తప్పు భర్తదైతే అతడు మరో 5 స్టేటర్లు (నాటి గ్రీకు నాణేలు) చెల్లించాలి. మగ్గం మీది బట్టను కూడా లెక్కలోకి తీసుకున్న చట్టం అది. ఆ 'నిండు సగము' చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. కానీ ఇందులో ఎద్దు లేదమ్మా.

పద్యప్రియుడు: మూడు ప్రశ్నలకు చివరి పాదం వరుసగా జవాబిచ్చే క్రమాలంకారంలో ఇలా.

*సేద్యగానికిఁ దోడుగాఁ జేరు నేది?*
*రాతిపై నేమి నిలిచెను ప్రజలకొరకు?*
*భర్త విడనాడ సొత్తది భార్య కేమి?*
*ఎద్దు, వ్రాసిన శాసన, మింతి కండ.*

నిర్వాహకుడు: ఛందస్సులో వంక పెట్టడానికి లేదు. కానీ ఎద్దు ఎలా వ్రాసిందన్నదే ఇక్కడి ముడి. ప్రశ్నలుగా విడగొట్టడంతో ఆ ముడి విప్పకుండానే దాటిపోయారు. మీ చేతి నుంచి ఇంకా ఆశిస్తాను.

శిలాలేఖ: కొన్నేళ్ళ క్రితం ఆ గోడ ముందు నిలబడే అదృష్టం కలిగింది. కంటితో ఒక పంక్తి వెంట నడిచి చివరికి చేరితే, కింది పంక్తి అక్కడి నుంచే వెనక్కు మొదలవుతుంది. అక్షరాలూ తిరుగుతాయి! ఎప్సిలాన్ (E లాంటి గ్రీకు అక్షరం) పళ్ళు ఒక పంక్తిలో ఎడమకు ఉంటే, కింది పంక్తిలో కుడికి. ఆ జ్ఞాపకంతో రాశాను.

*సాలు తుదకేగి యెద్దట్లు చదువు మరలు;*
*ఆలి సొత్తును మగఁడైన నమ్ముకొనఁగఁ*
*గుదువ పెట్టగ వలదని గోడ పలికె;*
*ఎద్దు వ్రాసిన శాసన మింతి కండ.*

నిర్వాహకుడు: 'చదువు మరలు' అన్న రెండు మాటల్లో గోడంతా కనబడింది. భార్య ఆస్తిని భర్త అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు అన్నది శాసనంలో ఉన్నదే. మన స్త్రీధనం గుర్తుకు రాక మానదు.

పద్యప్రియుడు: పూరణ అద్భుతం. ఒక్క మాట మాత్రం చెప్పాలి. అదే శాసనం తండ్రి ఆస్తిలో కొడుక్కు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు ఇచ్చింది. బానిస స్త్రీపై అత్యాచారానికి వేసిన జరిమానా స్వతంత్ర స్త్రీ విషయంలో వేసిన దానిలో చిన్న భాగమే.

శిలాలేఖ: నిజమండీ, ఆ పంక్తులు చదివినప్పుడు నాకూ బాధ కలిగింది. అందుకే పద్యాన్ని ఆలి సొత్తు వరకే పరిమితం చేశాను. అంతవరకు అండ అనడం అబద్ధం కాదు.

హాలికుడు: అందరికీ కృతజ్ఞతలు. సవరించాను.

*క్రీటు దీవిలో గోర్టిను గీచె నాఁడు*
*కుడికి నెడమకు మరలుచుఁ గోడమీఁద*
*నాలి నేసిన బట్టలో నర్ధ మనుచు;*
*ఎద్దు వ్రాసిన శాసన మింతి కండ.*

నిర్వాహకుడు: 'క్రీ'కి 'గీ' కుదిరింది. నేసిన బట్ట మల్లెపందిరి గారి పద్యం నుంచి వచ్చింది కదూ? ఆమెకూ సంతోషమే అనుకుంటాను.

మల్లెపందిరి: చాలా సంతోషమండీ. నా పద్యంలోకి ఎద్దును తోలుకొచ్చి రేపు మళ్ళీ పెడతాను.