అసెట్స్‌లోని డేటాబేస్ ఫైలు తెరుచుకోవడం లేదు, కంప్రెస్ అయిందంటోంది

ప్రశ్న: ఆండ్రాయిడ్‌లో ఆఫ్‌లైన్ తెలుగు నిఘంటువు యాప్ చేస్తున్నానండీ. పదాలన్నీ 38 ఎంబీ ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్లో పెట్టి, దాన్ని యాప్‌తో పాటే వెళ్ళే అసెట్స్ ఫోల్డర్‌లో ఉంచాను. మొదటిసారి యాప్ తెరిచినప్పుడు కాపీ ఎంతవరకు అయిందో చూపిద్దామని, సైజు కోసం ఓపెన్‌ఎఫ్‌డీ అనే ఆండ్రాయిడ్ ఫంక్షన్‌ని పిలిచాను. ‘ఫైల్ నాట్ ఫౌండ్’ ఎర్రర్ వస్తోంది, బహుశా కంప్రెస్ అయి ఉంటుందని కింద రాసి ఉంది. ఫైలు ఉందిగా! రెండు రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు: ఫైలు ఉందండీ, ఎర్రర్ పేరే తికమక పెడుతుంది. ఏపీకే, అంటే ఫోన్లో ఇన్‌స్టాల్ చేసే యాప్ ఫైలు, నిజానికి ఒక జిప్ ఫైలే. బిల్డ్ చేసేటప్పుడు అందులోకి వెళ్ళేవాటిలో చాలావరకు కంప్రెస్ అవుతాయి. జేపెగ్, పీఎన్‌జీ, ఎంపీ3, ఎంపీ4 లాంటివి ముందే కుదించినవి కాబట్టి వాటిని ఉన్నవున్నట్టు పెడతారు. మీ డీబీ ఫైలు ఆ జాబితాలో లేదు. ఓపెన్‌ఎఫ్‌డీ ఇచ్చేది ఏపీకే లోపల మీ ఫైలు ఎక్కడ మొదలై ఎంత పొడవుందో. కుదించిన ఫైలుకి అసలు బైట్లు అక్కడ ఉండవు, అందుకే చేతులెత్తేస్తుంది.

ముందు కళ్ళతో చూసుకోండి. కంప్యూటర్లో ఏపీకే మీద ‘అన్‌జిప్ మైనస్ వీ’ కొడితే ప్రతి ఫైలు పక్కన ‘స్టోర్డ్’ అనో ‘డిఫ్ల్’ అనో కనిపిస్తుంది. రెండోది ఉంటే కుదించినట్టు.

యాప్‌ని బిల్డ్ చేసే గ్రేడిల్‌లో, కుదించకూడని ఫైళ్ళ జాబితా అయిన ‘నోకంప్రెస్’కి డీబీ చేరిస్తే ఎర్రర్ పోతుంది. కానీ మీ విషయంలో నేనైతే అది చేయను. ఎస్‌క్యూలైట్ ఏపీకే లోపలి నుంచి నేరుగా చదవదు, ఎలాగూ బయటికి కాపీ చేయాలి. అలాంటప్పుడు ఫోన్లో 38 ఎంబీ రెండుసార్లు ఎందుకు? కంప్రెస్‌గానే ఉంచి, మామూలు ఓపెన్ ఫంక్షన్‌తో స్ట్రీమ్‌గా, అంటే కొంచెం కొంచెంగా చదవండి, అదే విప్పి ఇస్తుంది. కాపీ ఎంతయిందో చూపడానికి సైజు బైట్లలో కోడ్‌లో రాసేయండి, డేటాబేస్ మార్చినప్పుడల్లా ఆ అంకె కూడా మార్చాలి.

ఇంకోటి, కాపీ ముందు తాత్కాలిక పేరుతో చేసి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టండి. నా మొదటి యాప్‌లో ఇది చేయలేదు. కాపీ మధ్యలో యాప్ మూసేసినవాళ్ళ దగ్గర సగం ఫైలే మిగిలి, తర్వాత ఎన్నిసార్లు తెరిచినా క్రాష్ అయ్యేది.

ప్రశ్న: కాపీ పని చేసిందండీ, చాలా థాంక్స్! ఉచ్చారణల ఓజీజీ ఆడియో క్లిప్పులన్నీ కలిపి ఒకే ‘ప్యాక్’ ఫైలు చేశాను. దానికీ ఇంతేనా?

జవాబు: దానికి మాత్రం నోకంప్రెస్ పెట్టండి. ఓజీజీ మళ్ళీ కుదించినా పెద్దగా తగ్గదు, పైగా మీకు మధ్యలో ఒక ముక్క కావాలి. ఓపెన్‌ఎఫ్‌డీ ఇచ్చిన స్టార్ట్ ఆఫ్‌సెట్‌కి (ఏపీకేలో ప్యాక్ మొదలయ్యే చోటు) మీ క్లిప్ ఆఫ్‌సెట్ (ప్యాక్‌లో క్లిప్ మొదలయ్యే చోటు) కలిపి, క్లిప్ పొడవుతో సహా మీడియా ప్లేయర్‌కి ఇవ్వండి. ఆ కూడిక మరిచిపోతే అది ఏపీకేలో ఇంకెక్కడి బైట్లో చదివి ప్లే చేయలేనంటుంది.

ప్రశ్న: సరిగ్గా ఆ కూడికే మరిచిపోయానండీ. ఇప్పుడు ‘అమ్మ’ అని వినిపించింది!